అరవై దాటిన అక్షరాభ్యాసం

నాది సాయంకాలపు తరగతిలో నేర్చుకున్న తెలుగు. తప్పులు దొర్లితే పెద్దలు మన్నించండి. పిల్లలు మాత్రం లెక్కపెట్టి తరువాత నాకు చెప్పండి. ముప్పై నాలుగేళ్ళు నేను బడిలో పిల్లల తప్పులు దిద్దాను. ఇప్పుడు మీ వంతు.

మా తాతగారు 1908లో మద్రాసు రేవులో ఓడ ఎక్కి దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరకు తోటలకు వెళ్ళారు. 1860 నుంచి 1911 వరకు అలా ఒప్పంద కూలీలుగా వెళ్ళిన వారిలో మన తెలుగువారు వేలమంది. తాతగారు తెలుగు వ్రాసేవారు. నాన్నగారు మాట్లాడేవారు. లీడ్స్ చేరిన నాకు అన్నం, నీళ్ళు, రా, పో మిగిలాయి.

మన సంవత్సరాలకు అరవై పేర్లు. అరవై నిండితే పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ వస్తుంది. అందుకే షష్టిపూర్తి చేస్తారు. నేను 1960లో, శార్వరిలో పుట్టాను. 2020 ఉగాదికి శార్వరి తిరిగి వచ్చింది. శార్వరి అంటే రాత్రి. ఆ ఉగాదికి రెండు రోజుల ముందే ఈ దేశంలో అందరినీ ఇళ్ళలో ఉండమన్నారు. నా భార్య అంతకు ముందు ఏడాదే కాలం చేసింది. ప్రక్కన కూర్చునే ఇల్లాలు లేనిదే షష్టిపూర్తి ఏమిటి? రోజుకొకసారి రౌండ్‌హే పార్కులో ఒక్కడినే నడిచి వచ్చేవాడిని. ఒకనాడు పొద్దుపోక తాతగారి ట్రంకుపెట్టె తెరిచాను. అందులో ఒక పద్దుల పుస్తకం, అంతా తెలుగే. ఒక్క అక్షరం చదవలేకపోయాను.

శార్వరి తరువాత వచ్చేది ప్లవ, అంటే తెప్ప. ఆ ఏడు సాయంకాలపు తరగతిలో చేరాను. నా ప్రక్క బల్ల ఏడేళ్ళ పాపది. ఆ పాపకు నెలలో వచ్చిన గుణింతాలు నాకు నాలుగు నెలలు పట్టాయి. “తాతగారూ, ఒత్తు క్రింద పెట్టాలి” అని దిద్దేది. సిగ్గు వేసినప్పుడు సి.పి. బ్రౌను దొరను తలచుకునేవాడిని. ఆయన 1820లో కడప చేరాడు. 1852లో నిఘంటువు అచ్చువేశాడు. ఇంగ్లండుకు తిరిగి వచ్చాక కూడా ఊరకే కూర్చోలేదు. 1865లో, అరవై ఆరు దాటిన వయసులో, లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు.

రెండేళ్ళకు తాతగారి పుస్తకం చదవగలిగాను. వేదాంతం ఉంటుందనుకున్నాను. ఉన్నది చిక్కుడు గింజల ధర, ఊరికి పంపిన డబ్బు, వాన పడిన రోజులు. కాని 1951 నుంచి నెలనెలా ఒక పద్దు కనిపించింది: “రాత్రిబడికి చందా, ఒక షిల్లింగు.” అప్పటికే తాతగారికి అరవై దాటింది. ఆయన పిల్లలు పెద్దవారైపోయారు. నేను ఇంకా పుట్టలేదు. పుట్టిన తరువాత కూడా ఆ బడి గడప త్రొక్కలేదు. అయినా ఆ షిల్లింగు వృథా పోలేదు. డెబ్బై ఏళ్ళు ఆలస్యంగా లీడ్స్‌లో నాకు ముట్టింది.

ఒంటరితనం పోయిందా అని కొందరు అడుగుతారు. పోలేదు. రాత్రిపూట ఇల్లు ఇప్పటికీ నిశ్శబ్దమే. కాని మంగళవారం సాయంత్రం నాకొక బల్ల ఉన్నది. నేను రాకపోతే ఎందుకు రాలేదని నిలదీసే పాప ఉన్నది. ఈ ఏటి నుంచి నేనూ తరగతికి చందా కడుతున్నాను. అది ఎవరికి ముడుతుందో నాకు తెలియదు.

మనవలను తరగతి గుమ్మం దగ్గర దింపి కారులో కూర్చుని ఎదురుచూసే తాతగార్లకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఒక్క మనవి. బయట చలి. లోపలికి రండి. నా వెనుక బల్ల ఖాళీగా ఉన్నది.