చెట్టు పాలిచ్చే వేళ
(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగము)

నాది రాత్రిబడి తెలుగు. తప్పులుంటే మన్నించగోరుతున్నాను.

కాలాన్నీ శక్తినీ మన అభివృద్ధికి ఎట్లా వాడుకోవాలో చెప్పమని కార్యవర్గంవారు ఆజ్ఞాపించారు. 30 ఏళ్లు బడిలో టైంటేబిళ్లు వేసినవాణ్ణి గనుక నాకు తెలుసునని వారి నమ్మకం. నాకు తెలిసిన కొద్దిపాటీ మా నాన్నగారి పనిలోనుంచి వచ్చింది, అదీ ఆలస్యంగా.

మా తాతగారు విశాఖపట్నం జిల్లానుంచి మలయా వచ్చారు. నాన్నగారు పేరాక్‌లో రబ్బరు చెట్లు గీసేవారు. తెల్లవారక ముందే బయలుదేరేవారు. చల్లని వేళ చెట్టులో పాలు బిగువుగా ఉంటాయి. ఎండెక్కితే ఆకులు నీటిని లాగేస్తాయి, ధార సన్నబడుతుంది. నేడు గీసిన చెట్టును రేపు ముట్టరు. కత్తి లోతుగా దిగితే కర్రకు గాయమై, బెరడు గడ్డలు కట్టి పెరుగుతుంది. ఆ చోట మళ్లీ గీయడం కష్టం. "రోజూ గీస్తే రెట్టింపు పాలు రావా?" అని చిన్నప్పుడు అడిగాను. "దాని దగ్గర ఉన్నదే కదరా ఇత్తాది" అన్నారు.

ఇంత విన్నవాణ్ణి, ఉపాధ్యాయుడనయ్యాక ఏమి చేశాను? తెల్లవారుజామున తల్లితో తోటకు వెళ్లి, ఆపైన బడికి వచ్చే కుర్రవాడు నా తరగతిలో నిద్రపోతే, లేపి బయట నిలబెట్టాను. ఒకసారి కాదు.

మా తోటలో ఉన్నది తమిళ బడి. మాకు తెలుగు నోటికి వచ్చింది గాని చేతికి రాలేదు. 58వ ఏట మన సంఘం రాత్రి తరగతిలో చేరాను. పగలంతా పాఠాలు చెప్పి రాత్రి 8 గంటలకు పలక పట్టుకుంటే ఒత్తుల దగ్గర కునుకు పట్టేది. పంతులమ్మగారు నాకంటె చిన్నవారు. "మాస్టారూ, ఇంటికెళ్లి పడుకోండి" అన్నారు మర్యాదగానే. అప్పుడు ఆ కుర్రవాడు గుర్తుకొచ్చాడు. సిగ్గుపడి నాలుగు నెలలు మానేశాను.

తరువాత వేళ మార్చాను. రోజు విడిచి రోజు, తెల్లవారి 5 గంటలకు, అరగంట మాత్రమే. కొత్త అక్షరం తెల్లవారే. రాత్రి ఓపిక ఉంటే పాతవి చదవడం, లేకుంటే నిద్ర. రెండో రోజు కూడా కూర్చోవాలని చెయ్యి పీకేది. కూర్చోలేదు.

మా ఇంట్లో మామ్మగారి ఇత్తడి బిందె ఉంది. దాని మెడమీద చుక్కలతో ఏదో నగిషీ ఉందనుకునేవాణ్ణి. ఒక తెల్లవారి, దానిని తోముతూ చదివాను. అది ఆవిడ పేరు. మా కాగితాలన్నిటిలో ఎస్టేటు గుమాస్తా రాసిన పేరే ఉంది, అది వేరు. మేము 50 ఏళ్లు తప్పు పేరుతో తద్దినం పెట్టాము. అసలు పేరు ఈ సభలో చెప్పను, ముందు మా మనవలచేత చదివించాలి.

ఇక అసలు మాట. మన రాత్రి తరగతిలో 22 మంది చేరారు, 7గురు మిగిలారు. పిల్లలకు తీరిక లేదంటున్నారు తల్లిదండ్రులు. బడి, ట్యూషను, భోజనం అయ్యాక మనవద్దకు వచ్చే పిల్లవాడిలో ఏమి మిగులుతుంది? తరగతిని మూసేద్దామని కార్యవర్గంలో మాట వచ్చింది. మూయవద్దు, శనివారం ఉదయం 8 గంటలకు మార్చండి. గంటన్నర వద్దు, ముప్పావు గంట చాలు. ఇంటిపని ఇవ్వవద్దు. మూడు నెలలు చూడండి.

హాలు తాళంచెవి నాకిప్పించండి. 7:30కే తలుపు తీసి ఉంచుతాను.