బీకాం తరగతిలో చిక్కం వారి కేసు

దేశంలో ఏ మూల బీకాం తరగతిలో కూర్చున్నా, వ్యాపార న్యాయం మాస్టారు ‘బలవంతపు సమ్మతి’ పాఠానికి వచ్చేసరికి ఒక తెలుగు ఇంటిపేరు వినపడుతుంది. చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మ. 1917లో మద్రాసు హైకోర్టు తేల్చిన కేసు. ఆస్తిలో హక్కు వదులుకుంటున్నట్టు తన సోదరుడికి పత్రం రాసివ్వకపోతే చచ్చిపోతానని ఒకాయన భార్యనూ కొడుకునూ బెదిరించాడు. వాళ్లు సంతకాలు పెట్టారు. ఆ పత్రం చెల్లుతుందా, చెల్లదా అన్నది తగవు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 15వ సెక్షను ప్రకారం, శిక్షాస్మృతి నిషేధించిన పని చేస్తానని బెదిరించి ఒప్పిస్తే అది బలవంతం. పోయినవాణ్ణి ఎవరూ శిక్షించలేరు, మరి ఆత్మహత్య ‘నిషేధించిన పని’ ఎలా అవుతుందని జస్టిస్ ఓల్డ్‌ఫీల్డ్ విభేదించారు. శిక్ష లేనంత మాత్రాన నిషేధం లేనట్టు కాదని చీఫ్ జస్టిస్ వాలిస్, జస్టిస్ శేషగిరి అయ్యర్ అన్నారు. ఇద్దరి మాటే నెగ్గింది, పత్రం చెల్లలేదు.

గౌహతిలో చదివే కుర్రాడికి ఇది నోరు తిరగని రెండు పేర్లు, ఒక సంవత్సరం, రెండు మార్కులు. కృష్ణా డెల్టాలో ఆ వెసులుబాటు లేదు. ఆస్తి పంపకాల దగ్గర ‘నా శవం చూస్తారు’ అన్న మాట చెవిన పడని పెద్దమనిషి ఇక్కడ దొరకడం కష్టం. తరగతిలో ముందు బెంచీ అమ్మాయికి ఆ వాక్యం ఏ స్వరంలో అంటారో కూడా తెలుసు. అయినా ఆ అమ్మాయి పరీక్షలో రాసేది పేర్లూ, సంవత్సరమూ మాత్రమే.

పైగా ఈ కేసు ముగిసిన కథ కాదు. నాటి మెజారిటీ తీర్పు నిలబడింది పాత శిక్షాస్మృతి మీద. ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించే 309వ సెక్షను అందులో ఉండేది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షను లేదు. ప్రభుత్వోద్యోగిని లొంగదీయడానికో, విధులకు అడ్డుపడడానికో చేసే ఆత్మహత్యాయత్నమే 226వ సెక్షను కింద నేరం. మరి ఇవాళ ఒక మొగుడు అదే బెదిరింపుతో సంతకం పెట్టించుకుంటే 15వ సెక్షను ఆదుకుంటుందా, లేక అనుచిత ప్రభావాన్ని చెప్పే 16వ సెక్షనును ఆశ్రయించాలా? ఇంత మంచి ప్రశ్న చేతిలో ఉండగా, తరగతి గదుల్లో ఇంకా ‘బలవంతమును నిర్వచింపుము’ దగ్గరే ఆగడం చిత్రం.

కామర్సు అధ్యాపకుల స్మారక సభల్లో సాధారణంగా క్రమశిక్షణ గురించీ, విలువల గురించీ మాట్లాడతారు. విద్యార్థులు మర్యాదగా కూర్చుని భోజనాల వేళ కోసం ఎదురుచూస్తారు. ఈ స్మారకోపన్యాసం మాత్రం విలువల జోలికి వెళ్లేది ఒక కాగితం గుండా. విజయవాడలో ఏ స్టేషనరీ దుకాణంలోనైనా దొరికే అచ్చు కాగితం, ప్రామిసరీ నోటు. బీకాంలో న్యాయం ఒక పేపరు, నైతికత వేరే పేపరు. రెంటికీ మాస్టార్లు వేరు, పీరియడ్లు వేరు. ఈ నోటు మాత్రం ఆ రెండు పేపర్ల మధ్య గీతను ఒప్పుకోదు.

నోటును దగ్గరగా చూడాలి. పైన తేదీ, ఊరు. కింద కుటుంబ ఖర్చుల నిమిత్తమనో, ఇతర బాకీలు తీర్చడానికనో ఒక కారణం, అంకెల్లో అక్షరాల్లో సొమ్ము, నెలకు నూటికి ఇన్ని రూపాయల వడ్డీ. మీరు గానీ మీరు చెప్పినవారు గానీ కోరిన తక్షణం అసలు వడ్డీతో చెల్లిస్తానన్న మాట. చివర రూపాయి రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా సంతకం. పక్కన సాక్షులు. వెనక పక్క తెల్లగా ఉంటుంది, చెల్లు వేయడానికి. అవసరం మీద ఉన్నవాడు చాలాసార్లు స్టాంపు మీద సంతకం ఒక్కటే పెట్టి, మిగతా అంతా ఖాళీగా వదిలి ఇచ్చేస్తాడు.

చట్టం ఆ ఖాళీని ఎలా చూస్తుంది? 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షను ప్రకారం, స్టాంపుండి సంతకం పెట్టిన ఖాళీ కాగితం అందుకున్నవాడికి దాన్ని పూరించే అధికారం ప్రాథమికంగా ఉన్నట్టే. ఆ స్టాంపు ఎంత సొమ్ముకు సరిపోతుందో అంతవరకు అన్నది షరతు. చదవడానికి ఇది పెద్ద రక్షణలా కనిపిస్తుంది. కేంద్ర స్టాంపు చట్టంలో వెయ్యి దాటిన ఏ మొత్తానికైనా డిమాండ్ నోటు మీద సుంకం 25 పైసలే. అంటే రూపాయి స్టాంపు లక్షకూ సరిపోతుంది, పది లక్షలకూ సరిపోతుంది. ఆపైన 118వ సెక్షను నోటు వెనక ప్రతిఫలం ముట్టిందనే అనుకోమంటుంది. ముట్టలేదని చూపించుకోవలసినవాడు అప్పు తీసుకున్నవాడే.

ఇప్పుడు అదే విద్యార్థి అటు పక్క పుస్తకం తెరవాలి. కాంట్రాక్టు చట్టం 16వ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి అచ్చంగా ఊరి వడ్డీవ్యాపారి గురించే. అప్పటికే బాకీ పడినవాడు అదే వ్యాపారి దగ్గర అన్యాయంగా కనిపించే షరతుల మీద మళ్లీ అప్పు చేస్తే, అనుచిత ప్రభావం లేదని నిరూపించుకోవలసినవాడు వ్యాపారే. ఆ వెంటనే వచ్చే ఉదాహరణలో బ్యాంకరు ఉంటాడు. మార్కెట్లో డబ్బు కటకటగా ఉన్నప్పుడు అతను అసాధారణమైన వడ్డీ అడిగినా అది మామూలు వ్యాపారమే. ఒక చట్టం రుజువు భారాన్ని అప్పులవాడి నెత్తిన పెడుతుంది, ఇంకోటి అప్పిచ్చినవాడి నెత్తిన. ఈ మూడు సెక్షన్లూ బీకాం కుర్రాడు చదివేవే, కాకపోతే వేర్వేరు యూనిట్లలో. ఎదురెదురుగా పెట్టి చదివించేవారే తక్కువ.

2015 డిసెంబరులో ఈ వైరుధ్యం విజయవాడ వీధుల్లోకి వచ్చింది. ‘కాల్ మనీ’ అన్న మాట రాష్ట్రమంతా మోగింది. కోరిన తక్షణం కట్టాల్సిన అప్పు కాబట్టి ఆ పేరు. నోటు మీద అచ్చేసి ఉండే మాటకు అది ఇంగ్లీషు ముద్దుపేరు, అంతే. ఖాళీ నోట్లు, ఖాళీ చెక్కులు, ఇళ్ల పత్రాలు తీసుకుని అధిక వడ్డీలు గుంజారనీ, తీర్చలేని ఇళ్లలో ఆడవాళ్లను లైంగికంగా వేధించారనీ పోలీసులకు ఫిర్యాదులు అందాయి. అరెస్టులు జరిగాయి, శాసనసభ అట్టుడికింది. అధిక వడ్డీని కోర్టు తిరగదోడే వీలు 1918 నాటి యూజరియస్ లోన్స్ చట్టంతోనే ఉంది. రైతు బాకీలు తగ్గించే చట్టం మద్రాసు రాష్ట్రంలో 1938లోనే వచ్చింది. చట్టాల కొరత మీదికి నెట్టడానికి వీల్లేని గొడవ అది.

వ్యాపార నైతికత పాఠంలో ఎన్రాన్ తర్వాత తప్పనిసరిగా వచ్చేది సత్యం కంప్యూటర్స్ కుంభకోణం. ఆ కథకు విజయవాడ ముడి ఒకటుంది. ఆ కంపెనీ అధినేత బైర్రాజు రామలింగరాజు బీకాం చదివింది ఈ ఊళ్లోనే, ఆంధ్ర లయోలా కళాశాలలో. 2009 జనవరి 7న ఆయన బోర్డుకు రాసిన లేఖను అకౌంట్స్ తరగతిలో పాఠంగా చెప్పవచ్చు, అంత శుభ్రంగా అంకెలు వేశారు. నగదు, బ్యాంకు నిల్వల కింద చూపిన 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనే లేవు. రాని వడ్డీ 376 కోట్లు, చూపని అప్పు 1,230 కోట్లు, రావలసిన బాకీల్లో పెంచి చూపింది 490 కోట్లు. ఆ త్రైమాసికంలో 24 శాతం అని చెప్పిన నిర్వహణ లాభం నిజానికి 3 శాతం. దానికి కొద్ది నెలల ముందే ఆ కంపెనీ సుపరిపాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకుంది. బోర్డులో హార్వర్డు ప్రొఫెసరు ఉన్నాడు, ఆడిట్ చేసింది ప్రపంచంలోని నాలుగు పెద్ద సంస్థల్లో ఒకటి. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు ఆయనకు ఏడేళ్ల శిక్ష వేసింది, అప్పీలు మీద తర్వాతి నెలలోనే బెయిలు దొరికింది. ఇవాళ విద్యార్థులు బట్టీ పట్టే 2013 కంపెనీల చట్టంలో ఆడిటర్లను మార్చే నియమం, మోసానికి 447వ సెక్షను, వాటాదారుల ఉమ్మడి దావాకు 245వ సెక్షను చాలామటుకు ఆ లేఖ నీడలో పుట్టినవే.

సత్యం వల్ల నష్టపోయింది ఎక్కువగా వాటాదారులు. డెల్టా ఇళ్లను నేరుగా తాకింది డిపాజిట్లు సేకరించి తిరిగి చెల్లించని అగ్రిగోల్డ్ సంస్థ. ప్రధాన కార్యాలయం విజయవాడే. పలు రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల మంది డిపాజిటర్లు, 6 వేల కోట్లకు పైగా సొమ్ము. సెబీ చట్టంలో 11ఏఏ సెక్షను ఉమ్మడి పెట్టుబడి పథకమంటే ఏమిటో నాలుగు ముక్కల్లో చెబుతుంది: సొమ్మంతా ఒకచోట పోగవుతుంది, లాభం ఆశ ఉంటుంది, నిర్వహణ వేరొకరిది, పెట్టినవాడికి రోజువారీ పెత్తనం ఉండదు. నాలుగూ ఉంటే రిజిస్ట్రేషను ఉందా అని అడగాలి. ఇది పది నిమిషాల పాఠం. కానీ డిపాజిటు కట్టించడానికి గడప తొక్కినవాడు చాలా ఇళ్లలో ఏజెంటుగా మారిన బంధువో, పక్కింటాయనో. ‘రిజిస్ట్రేషను చూపించు బాబాయ్’ అని అడగడం చట్టంలో తేలిక, హాల్లో కాఫీ గ్లాసు చేతికిచ్చాక కష్టం.

కౌలు సంగతి కూడా ఇంతే. నోటిమాట ఒప్పందం కాంట్రాక్టు చట్టం కింద చెల్లుతుంది. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలుదారుకు సాగు హక్కు కార్డు కావాలంటే మాత్రం పదకొండు నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం కావాలి. బస్తాల లెక్క నోటితో మాట్లాడుకునే ఆసామి సంతకం అనగానే వెనక్కి తగ్గుతాడు.

కాబట్టి ఒక చిన్న అభ్యాసం. దసరా సెలవులకు ఇంటికి వెళ్లే విద్యార్థి పాత బీరువాలో ఒక నోటు వెతకాలి. పేర్లు కప్పేసి, తేదీ చూడాలి. మూడేళ్లు దాటి, వెనక చెల్లు లేకపోతే కాలదోషం పట్టినట్టే, కోర్టుకు వెళ్లినా రాదు. అప్పుడు కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను మూడో క్లాజు తీయాలి. ప్రతిఫలం లేని వాగ్దానం చెల్లదన్న సూత్రానికి అక్కడొక మినహాయింపు ఉంది: కాలదోషం పట్టిన బాకీని తీరుస్తానని బాకీదారు రాసి సంతకం పెడితే ఆ మాట చెల్లుతుంది. ఎవరూ అడగలేని అప్పుకు మళ్లీ సంతకం పెట్టేవాళ్లు డెల్టా పల్లెల్లో ఉన్నారు. దాన్ని నోటు తిరగరాయడం అంటారు. అలా తిరగరాసిన మనిషి ఇంకా బతికి ఉంటే, విద్యార్థి ఆయన పక్కన కూర్చుని ఎందుకు రాశావు తాతా అని అడిగి, ఆయన చెప్పింది రెండు పేజీలకు మించకుండా రాసుకు రావాలి.