రూపము చెడిన పని చెడును
(పాఠశాల వార్షికోత్సవమున, తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



గత జూన్ మాసమున ఒక తండ్రిగారు మా గదికి వచ్చి, తమ కుమారునికి బదిలీ పత్రము కోరిరి. "అయ్యవారూ, మీ బడి అంటే మాకు గౌరవమే. కాని సైన్సు తెలుగులో వస్తుందా?" అని అడిగిరి. ఆ మాటలో కోపము లేదు. బిడ్డ ముందుబ్రతుకును గూర్చిన దిగులు మాత్రమే యున్నది. మేము పత్రముపై సంతకము చేసితిమి గాని, ఆ ప్రశ్నకు తగిన సమాధానము ఆనాడు చెప్పలేకపోతిమి. నేడు తొమ్మిదవ తరగతిలో జరిగిన ఒక పాఠమును మీ ముందుంచి, ఆ బాకీ తీర్చుకొనగోరుచున్నాము.

ఆనాడు మూడు పరీక్షనాళికలలో పలుచని గంజి పోసితిమి. మొదటిదానిలో లాలాజలము, అనగా నోటిలోని ఉమ్మి, చేర్చితిమి. రెండవదానిలో మరగించి చల్లార్చిన లాలాజలమును, మూడవదానిలో వట్టి నీటిని చేర్చితిమి. కొంతసేపు ఆగి అన్నింటిలోను అయోడిన్ చుక్కలు వేయగా, రెండవదియు మూడవదియు నీలముగా మారినవి, మొదటిది మారలేదు. గంజిలోని పిండిపదార్థపు పొడవాటి గొలుసులు మెలిదిరిగి, ఆ మెలికల నడుమ అయోడిన్‌ను ఇముడ్చుకొనుటచే నీలిరంగు పుట్టును. రంగు రాలేదనగా గొలుసులు తెగినవని అర్థము. అప్పుడొక బాలిక లేచి, "మరిగిస్తే ఉమ్మిలోంచి మనమేమీ తీసెయ్యలేదు కదా సార్, మరి పోయిందేమిటి?" అని అడిగినది. ఆ ప్రశ్నయే మా నేటి విషయము.

పిండిపదార్థమనగా గ్లూకోజ్ అణువులను వరుసగా కూర్చిన గొలుసు. దానిని త్రెంచునది ఎమైలేజ్ అను ఎంజైమ్. 1833లో ఫ్రాన్సు దేశమున పాయెన్, పెర్సో అను శాస్త్రజ్ఞులు మొలకెత్తిన బార్లీ ధాన్యమునుండి ఇట్టి పదార్థమును వేరుచేసి, దానికి డయాస్టేజ్ అని పేరిడిరి. మన ఇండ్లలో రాగులను మొలకగట్టి, ఎండబెట్టి, విసరిన పిండితో కాచిన జావ కొంచెము తియ్యగానుండుటకు ఈ జాతి ఎంజైమే కారణము.

మన లాలాజలములోని ఎమైలేజ్ ఒక ప్రోటీన్. 496 అమైనో ఆమ్లములు ఒకదాని వెంట నొకటి చేరిన ఒకే గొలుసు అది. ఈ గొలుసు ఇచ్చ వచ్చినట్లు వంగజాలదు. ప్రోటీన్ గొలుసు ఏయే కోణములలో వంగగలదో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు చెందిన జి. ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ అనువారు లెక్కించి చూపిరి. ఆ నియమములకు లోబడియే ఎమైలేజ్ గొలుసు మూడు భాగములుగా మడతపడును. వానిలో పెద్దది పీపావలె నుండును: లోపల ఎనిమిది పట్టీలు గుండ్రముగా నిలువగా, వాని చుట్టు ఎనిమిది మెలికలు అమరియుండును. పీపా యొక్క ఒక చివర ఒక పల్లము కలదు. పిండిపదార్థపు గొలుసు వచ్చి కూర్చుండు చోటు అదియే. ప్రక్కన ఒక కాల్షియమ్ అయాన్ చేరి ఆ కట్టడమును చెదరకుండ నిలుపుచున్నది.

గొలుసులో 197వ, 233వ, 300వ స్థానములలోని మూడు అమైనో ఆమ్లములు ఆ పల్లములో పనివాండ్రు. మొదటిది చక్కెర గొలుసులోని ఒక ముక్కను పట్టుకొనును. రెండవది హైడ్రోజన్ అయాన్‌ను అందించి రెండవ ముక్కను విడిపించును. మూడవది వానికి తోడ్పడును. పిమ్మట ఒక నీటి అణువు వచ్చి, పట్టుబడిన ముక్కనుగూడ విడిపించును. గొలుసును చాచి చూచినచో ఈ మూడును ఎంతో ఎడముగా నుండును. తలపాగా గుడ్డపై దూరదూరముగా మూడు చుక్కలు పెట్టి, తలకు చుట్టినప్పుడు అవి ఒకచోట చేరినట్లు, మడతపడుటచేతనే ఇవి ఒకదాని చెంత నొకటి చేరుచున్నవి.

ఇప్పుడు ఆ బాలిక ప్రశ్నకు సమాధానము స్పష్టము. మరగించినప్పుడు 496 ఆమ్లములును అట్లే యున్నవి. మడత విడిపోయినది. మూడు చుక్కలు దూరమైనవి. ఉడికిన కోడిగ్రుడ్డు తెల్లసొన చల్లారినను మరల పలుచబడనట్లే, చల్లార్చినంత మాత్రమున ఆ లాలాజలమునకు పూర్వపు శక్తి రాలేదు.

పల్లములో పట్టునదియు రూపమును బట్టియే యుండును. వరిగడ్డిలోని సెల్యులోజ్‌యును గ్లూకోజ్ గొలుసే, బియ్యములోనిదియు గ్లూకోజ్ గొలుసే. కాని అణువులు కలిసిన తీరు వేరగుటచే గడ్డి గొలుసు మన ఎమైలేజ్‌లో అమరదు. ఒకే మొక్కలో గింజ మనకు ఆహారమైనది, గడ్డి కాలేదు. పశువు సైతము తన కడుపులోని సూక్ష్మజీవుల సాయముననే గడ్డిని జీర్ణించుకొనును.

రాగిగింజ ఈ మర్మమును ఆత్మరక్షణకు వాడుకొనుచున్నది. దానిలోని ఒక చిన్న ప్రోటీన్, పిండిపురుగు యొక్క ఎమైలేజ్ పల్లములో తన కొనను దూర్చి, తాళములో పుల్ల విరిచినట్లు, దాని పనిని ఆపును. ఆ రెండును కలిసియున్న రూపమును శాస్త్రజ్ఞులు 1998లో ప్రకటించిరి. మనము తినెడు సంగటి ముద్ద వెనుక ఇంత కథ యున్నది.

తల్లిదండ్రులారా! మేమొక తప్పు ఒప్పుకొనవలెను. ఆ బాలిక అంతకుముందటి పరీక్షలో "ఎంజైమ్ అనగా జీవ ఉత్ప్రేరకము" అని వ్రాసి పూర్తి మార్కులు పొందినది. ఉత్ప్రేరకమనగానేమో మేము అడుగలేదు, ఆమె చెప్పలేదు. తెలుగులో వల్లెవేసినను, ఇంగ్లీషులో వల్లెవేసినను, అది మరగించిన లాలాజలమే. అక్షరములన్నియు ఉండును, పని జరుగదు. ఆమె తన ఇంటి మాటలో ప్రశ్న అడిగిననాడే పాఠము పనిచేయసాగినది. ఆ ప్రశ్న పరభాషలో ఆమె నోట వచ్చియుండెడిదా యని మేము పలుమారు తలపోసితిమి.

కళాశాలలో ఇంగ్లీషు పేర్లు కావలసివచ్చునని మేమెరుగుదుము. అందుచే ఈ సంవత్సరమునుండి ప్రతి పాఠమునందును రెండు భాషల పేర్లును ప్రక్కప్రక్కన వ్రాయించుచున్నాము. మీరు చేయవలసినది ఒక్కటే. ఈ రాత్రి భోజనవేళ ఒక అన్నపు ముద్దను తియ్యబడువరకు నమలి, "ఇది తియ్యగా ఎందుకయింది?" అని మీ బిడ్డను అడుగుడు. బిడ్డ చెప్పగలిగినచో ఆ తండ్రిగారి ప్రశ్నకు అదియే సమాధానము. చెప్పలేనిచో మరునాడు మా వద్దకు రండు. ఆ లోపము మాది.