నాయిక జడ – బస్తరు దువ్వెన

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము నేను ఎన్నుకొన్న విషయమును విని కొందరు నవ్వుకొనవచ్చును. సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో మాట్లాడవలసిన వేదిక మీద టెలివిజను సీరియలు నాయిక జుట్టును గూర్చి మాట్లాడుట ఏమని వారికి తోచవచ్చును. కాని మన ఇండ్లలో ప్రతి రాత్రియు జరుగుచున్న చర్చను గూర్చి మాట్లాడుట చిన్నతనము కాదని నా మనవి.

సీరియలు నాయిక నిన్నటి వరకు నూనె రాసి బిగించిన జడతోను, నేత చీరతోను కనబడినది. నేడు భుజముల వరకు కత్తిరించిన జుట్టుతో, కొత్త మోస్తరు దుస్తులతో ప్రత్యక్షమైనది. ఇక మరునాడు ఆఫీసు బస్సులోను, మధ్యాహ్నము టిఫిను డబ్బాలు విప్పిన చోటను అదియే ప్రసంగము. "ఆ పిల్లకు ఆ జడే అందమండీ, ఎందుకు పాడుచేశారో!" అని ఒక పక్షము. "ఎన్నాళ్లని ఆ చీరలోనే ఏడుస్తుంది? మారనివ్వండి" అని రెండవ పక్షము. పక్కింటి మనిషిని గూర్చి పల్లెత్తు మాట అనని పెద్దమనుష్యులు కూడ, అసలు లేనే లేని మనిషి వేషమును గూర్చి గొంతు పెంచి వాదింతురు. దీనికి కారణమేమి?

ఈ అలవాటు టెలివిజనుతో పుట్టినది కాదు. కూచిపూడి వారి భామాకలాపమును చూచినవారికి సత్యభామ జడ సంగతి తెలియును. తెర పట్టిన వెంటనే సత్యభామ కనబడదు. తెర మీదుగా ఆమె జడ మాత్రము సభ వైపునకు వ్రేలాడును. అది అలంకారము మాత్రమే కాదు, సవాలు కూడ. విద్యలో తనను ఓడింపగలవారు సభలో ఉన్నచో ఆ జడను కోసివేయవచ్చునని దాని భావము. ఆ జడ వేసికొన్నవాడు పురుషుడు. వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామగా వచ్చినపుడు ప్రేక్షకులు మొదట చూచినది ఆ జడనే. నాటక రంగమున స్థానం నరసింహారావుగారి సంగతియు అట్టిదే. 1956లో పద్మశ్రీ పొందిన ఆ మహానటుని చీరకట్టును చూచి స్త్రీలే కట్టు నేర్చుకొనిరని మన పెద్దలు చెప్పుకొనెడివారు. పాత్ర వేషమును పరీక్షించు హక్కు తమకు కలదని తెలుగు ప్రేక్షకుడు ఏనాడో నిశ్చయించుకొన్నాడు.

ఇతర దేశముల వారును మనకు తీసిపోలేదు. 1999లో అమెరికాలో 'ఫెలిసిటీ' అను ధారావాహిక నాయిక కెరీ రస్సెల్ తన ఉంగరాల జుట్టును పొట్టిగా కత్తిరించుకొనెను. అభిమానులు కోపించిరి. ఆ కార్యక్రమమును చూచువారి సంఖ్య తగ్గుటకు ఆ కత్తెరయే కారణమని చాల కాలము చెప్పుకొనిరి. ప్రసారము జరుగు వారము కూడ ఆ సంవత్సరమే మారినది గాని, ఆ సంగతి ఎవరికిని అంతగా జ్ఞాపకము లేదు.

మన దేశమున ఇంతకంటె గొప్ప ఉదాహరణము 'జస్సీ జైసీ కోయీ నహీ'. కొలంబియా దేశపు ధారావాహికను ఆధారముగా చేసికొని తీసిన ఈ కథ సోనీ ఛానెలులో 2003 నుండి 2006 వరకు ప్రసారమయ్యెను. పెద్ద కళ్లద్దములు, పళ్లకు తీగ, వదులైన దుస్తులు – ఇది జస్సీ రూపము. ఆమె పనిచేయునది అందమును అమ్ముకొను ఫ్యాషను సంస్థలో. ఆ పాత్ర ధరించిన మోనా సింగ్ నిజరూపమును నిర్మాతలు కొంతకాలము లోకమునకు కనబడనీయక దాచిరి. తరువాత కథలో జస్సీ రూపము మారినది. అపుడు దేశము రెండు పక్షములయ్యెను. రూపముకంటె గుణము గొప్పదని చెప్పుటకు పుట్టిన కథ కడకు రూపమునకే దండము పెట్టినదని కొందరు బాధపడిరి. గుణవంతురాలు అందముగా ఉండరాదను శాస్త్రమెక్కడ ఉన్నదని మరికొందరు ప్రశ్నించిరి.

తెలుగులో 2017 నుండి 2023 వరకు స్టార్ మా ఛానెలులో నడచిన 'కార్తీకదీపము'ను ఎరుగనివారు ఈ సభలో అరుదు. 'కరుత్తముత్తు' అను మలయాళ ధారావాహిక దానికి మూలము. రెండింటను నాయిక ప్రేమీ విశ్వనాథ్. నల్లని పిల్ల పడిన అవమానములను చూచి కన్నీరు పెట్టినవారు లక్షలమంది. ఆ నలుపును ముఖమునకు పూయుట ఏల, ఆ రంగుగల నటికే పాత్ర ఈయరాదా అని అడిగినవారును కలరు. ఇది కేవలము ముఖపు రంగును గూర్చిన ప్రశ్న కాదు, న్యాయమును గూర్చిన ప్రశ్న.

ఈ వాదములను జాగ్రత్తగా విన్నచో ఒక సంగతి బోధపడును. మనము నాయిక జుట్టును గూర్చి మాట్లాడుట లేదు. అత్తగారు కోడలితో నేరుగా అనలేని మాటను నాయిక మీద పెట్టి అనును. కోడలును అదే నాయికను అడ్డు పెట్టుకొని జవాబు చెప్పును. కూతురు జుట్టు కత్తిరించుకొన్ననాడు మౌనముగా ఊరకున్న తండ్రి, సీరియలు నాయిక కత్తిరించుకొన్ననాడు తన మనసులోని మాట బయటపెట్టును. ఇంటిలో చెప్పినచో కలహమగు మాట, పాత్రను గూర్చి చెప్పినచో కాలక్షేపమగును. ఇది పాత్రలు మనకు చేయు గొప్ప ఉపకారము. పాత్రకు నొప్పి లేదు. దానికి ఇష్టానిష్టములు లేవు. వేషము నిర్ణయించునది కథారచయిత. కుట్టునది దర్జీ. చూచెడివారము మనము. పాత్ర మన ఉమ్మడి ఆస్తి. దాని జడ ఉండవలెనా, పోవలెనా అని ఎంత వాదించుకొన్నను ఎవరికిని నష్టము లేదు.

ఈ అలవాటును మనము పాత్రల దగ్గర ఆపక, బ్రతికియున్న మనుష్యుల మీదికి తీసికొనిపోవునపుడు నష్టము కలుగును. ఒక్క మనిషిని కాదు, ఒక ప్రాంతపు ప్రజలనందరిని మనము సీరియలు పాత్రలవలె చూచుట కలదు. అట్లు చూడబడుచున్నవారిలో మనకు అతి సమీపమున ఉన్నవారు బస్తరు ఆదివాసులు.

బస్తరు తెలుగువారికి పరాయి దేశము కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు అచ్చటికి పోయి రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశము చెప్పుకొనుచు వచ్చినది. బార్సూరులో 11వ శతాబ్దపు తెలుగు శాసనము కలదు. భోపాలపట్నము, కొంట ప్రాంతములలో నేటికిని తెలుగు వినబడును. 1948లో ఆ సంస్థానము భారతదేశమున విలీనమయ్యెను. నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున బస్తరు డివిజనులో ఏడు జిల్లాలు ఉన్నవి. దంతేశ్వరీ దేవి వస్త్రము ఎంత మేర పరచుకొన్నదో అంత మేర అన్నమదేవుని రాజ్యమయ్యెనని, ఆ వస్త్రమే బస్తరు అను పేరుగా మారినదని ఒక ఐతిహ్యము కలదు. చరిత్రగా దాని విలువ ఎట్లున్నను, మన ప్రసంగమునకు అది తగిన కథ. వస్త్రము పేర వెలసిన దేశపు ప్రజలను మనము నేటికిని వస్త్రమును బట్టియే గుర్తించుచున్నాము.

బస్తరు అనగానే మన కన్నుల ముందు నిలుచు చిత్రమేది? అడవి దున్న కొమ్ముల తలపాగా, ముఖము మీద వ్రేలాడు గవ్వల సరములు, మెడలో డోలు. ఇది దండామి మాడియాల గౌర్ నృత్యపు వేషము. పెండ్లికో, పండుగకో ధరించు వేషమది. ఆ కొమ్ములతో ఎవరును పొలము దున్నరు, సంతకు పోరు. సత్యభామ జడను చూచి కూచిపూడి స్త్రీలందరు అట్టి జడతోనే వంట చేయుదురని ఎవరైన తలచినచో మనము నవ్వుదుము. బస్తరు విషయమున మాత్రము ఆ పొరపాటును దినదినము చేయుచున్నాము. జీన్సు ప్యాంటు తొడిగి, చేతిలో సెల్‌ఫోనుతో మోటారు సైకిలు మీద పోవు మురియా యువకుని చూచి, "అయ్యో, వీరు కూడ చెడిపోయిరే" అని నిట్టూర్చు యాత్రికులు కలరు. ఆ నిట్టూర్పు నాయిక జుట్టు కత్తిరించినందుకు అభిమాని విడిచిన నిట్టూర్పే.

ఇందులో మరియొక అజ్ఞానము కూడ ఉన్నది. మనము చూడవచ్చు వరకు వారు మారకయే ఉన్నారని మన ఊహ. వెరియర్ ఎల్విన్ 1947లో ప్రకటించిన 'మురియాలు – వారి ఘోటుల్' అను బృహద్గ్రంథమును తిరుగవేసినచో ఆ ఊహ నిలువదు. ఘోటుల్ అనగా పెండ్లి కాని యువతీయువకులు సాయంకాలము చేరు ఇల్లు. అచ్చట యువకుని చెలిక్ అనియు, యువతిని మోటియారి అనియు పిలుతురు. యువకులు దువ్వెనలు చెక్కి యువతులకిత్తురు. వారు వానిని తలలో ధరింతురు. రకరకముల చెక్కడములతో నుండు ఆ దువ్వెన ముడికి అందము, స్నేహమునకు గుర్తు. చక్కగా చెక్కుట వచ్చినవానికి గౌరవము. అనగా తల దువ్వుకొనుటను గూర్చిన రుచియు, తగవును, పోటీయు మన కాలనీలలో ఎట్లున్నవో వారిలోను అట్లే ఉండినవి. ఆ తగవు తీర్చుకొన్నది మాత్రము వారే. దూరమునుండి వచ్చి తీర్పు చెప్పమని వారెవరిని అడుగలేదు.

మనిషి పాత్రగా మారినచో ఏమగునో తెలుపుటకు చెంద్రూ కథ చాలును. నారాయణపురము దగ్గరి గఢ్‌బెంగాల్ గ్రామపు మురియా బాలుడతడు. స్వీడను దర్శకుడు ఆర్నె సుక్స్‌డార్ఫ్ 1957లో విడుదలైన తన చిత్రమున అతనిని చూపెను. ఆ చిత్రమునకు సంగీతము కూర్చినవారు రవిశంకర్. పులిపిల్లతో ఆడుకొను ఆ బాలుని ఛాయాచిత్రములు యూరపు అంతట వ్యాపించెను. చెంద్రూ స్వీడనుకు కూడ పోయి వచ్చెను. తరువాత తన గ్రామమునకు మరలి, పేదరికమున కాలము గడపి, 2013లో మరణించెను. ఆయన వృద్ధుడైన తరువాత వెదకుచు వచ్చినవారికి కావలసినది ఆ వృద్ధుడు కాదు, పులితో ఆడుకొను బాలుడు. పాత్రకు వయస్సు రాదు. మనిషికి వచ్చును. ఆ వయస్సులో ఆయనకు కావలసినవి వేరు.

మన రాజధానిలోనే జరిగిన మరియొక సంగతి చెప్పెదను. 2024 గణతంత్ర దినోత్సవమున కర్తవ్యపథము మీద ఛత్తీస్‌గఢ్ శకటము బస్తరు మురియా దర్బారును చూపినది. ఆ దర్బారు 1876 నాటి మురియా తిరుగుబాటు తరువాత ఏర్పడినది. డెబ్బదియైదు దినములు జరుగు బస్తరు దసరాలో నేటికిని అది జరుగుచున్నది. అచ్చట గ్రామపెద్దలు తమ కష్టసుఖములను పాలించువారి ముందు చెప్పుకొందురు. దర్బారునకు ప్రాణము మాట. శకటము చూచిన మనలో ఎందరము నగలను మెచ్చుకొంటిమి, ఎందరము ఆ దర్బారులో వారు ఏమి అడుగుదురో తెలిసికొనగోరితిమి? ప్రభుత్వోద్యోగులమైన మనము ఈ ప్రశ్నను తప్పించుకొనరాదు. వారు అడుగునది దారి కావచ్చును, బడి కావచ్చును, భూమి పట్టా కావచ్చును. కొమ్ముల తలపాగా మీద నిలిచిన చూపునకు చేతిలోని అర్జీ కానరాదు.

ఆదివాసులు మారవలెనా, మారకుండవలెనా అను వాదము కొత్తది కాదు. ఎల్విన్ 1939లో బైగాలను గూర్చి వ్రాయుచు, వారికొరకు జాతీయోద్యానము వంటి రక్షిత ప్రదేశము ఏర్పరుపవలెనని సూచించెను. బొంబాయి ఆచార్యుడు ఘుర్యే 1943లో ప్రకటించిన గ్రంథమున దానిని ఖండించి, వారు వెనుకబడిన హిందువులేయని, తక్కిన సమాజమున కలియుటయే వారికి మేలని వాదించెను. ఒకరు జడ ఉంచుమనిరి, ఒకరు కత్తిరింపుమనిరి. ఇరువురును పండితులే, ఇరువురును హితము కోరినవారే. కాని నిర్ణయము తమ చేతిలో ఉన్నదనుకొనుటలో ఇరువురిది ఒకే దారి. పిదప ఎల్విన్ తన ఉద్యానపు మాటను విడిచెను. ఆయన వ్రాసిన నేఫా గ్రంథమునకు 1959లో వెలువడిన రెండవ ముద్రణకు నెహ్రూగారు ముందుమాట వ్రాసిరి. ప్రజలు తమ స్వభావమునకు తగిన దారిలో తామే పెరుగవలెనని, పైనుండి ఏదియు రుద్దరాదని దాని సారాంశము. ఆరు దశాబ్దములు గడచినను ఆ మాట కంటె మంచి మాట నాకు కనబడలేదు.

"ఇట్లయినచో ఆ కళలు నశింపవా?" అని మీరు అడుగవచ్చును. నశింపవచ్చును. చాల గ్రామములలో ఘోటుల్ ఇదివరకే క్షీణించినది. చెక్కిన దువ్వెన స్థానమున ప్లాస్టిక్ దువ్వెన వచ్చినది. అందులకు బాధపడుట తప్పు కాదు. నేనును బాధపడుదును. కాని మన బాధ తీరుటకు మరియొకరి కూతురు చెక్క దువ్వెననే ధరింపవలెనని కోరుట న్యాయము కాదు. మన ఇండ్లలో ఎందరు స్త్రీలు నేడు జడకుప్పెలు వేసికొనుచున్నారు? మనలో ఎందరు పంచె కట్టి ఆఫీసునకు వచ్చుచున్నారు? ఉగాదినాడు ఒక పూట కట్టి, మరునాడు ప్యాంటు తొడిగికొను మనము, సంవత్సరము పొడుగునను వేషములో ఉండుమని ఇంకొకరిని శాసింపగలమా? కళను నిలుపవలెనని ఉన్నచో చెక్కువానికి తగిన ధర ఈయవచ్చును, నేర్పువానికి బడిలో చోటు ఈయవచ్చును. ఆ పిమ్మట ధరించుటయు మానుటయు వారి ఇష్టము.

కావున నా మనవి స్వల్పమైనది. సీరియలు నాయికను గూర్చి ఎంత వాదించుకొన్నను మంచిదే. అది మన మనస్సులను మనకే చూపును. కాని బ్రతికియున్న మనిషి, ఇంటి కోడలు కానిండు, బస్తరు యువతి కానిండు, మన వినోదమునకు ఏర్పడిన పాత్ర కాదు. దువ్వెన ఎవరి తలదో వారి చేతిలోనే ఉండవలెను. ఇట్టి సాంస్కృతికోత్సవములకు బస్తరు నుండి నృత్యబృందములు వచ్చుచుండును. ఈసారి వచ్చినపుడు వారితో ఛాయాచిత్రము తీయించుకొనుటకు ముందు, వారి పేరేమో, ఊరేమో, ఊరిలో బడి ఎట్లున్నదో అడుగుడు. కొంట వైపు నుండి వచ్చినవారైనచో తెలుగులోనే సమాధానము చెప్పవచ్చును.