పసివాని చేతికి ఫోను



కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల పెద్దలతో నేడు నేను ముచ్చటింపదలచినది అరచేతిలో ఇముడు ఒక చిన్న యంత్రమును గూర్చి. సెల్ ఫోను మన యిండ్లకు వచ్చినది. దానిని మరల వెలుపలికి పంపుట మన వశము గాదు. పంపవలసిన పనియు లేదు. అయితే మూడేండ్ల మనుమని చేతికి దానిని ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు ఇయ్యవలెననునది పెద్దలమైన మనము ఆలోచింపదగిన విషయము.

మన పల్లెలలో అనేక గృహములందు ఒకే దృశ్యము కానవచ్చును. తండ్రి బ్రతుకుతెరువునకై గల్ఫు దేశములకు పోయియుండును. తల్లి చాట ముందిడుకొని బీడీలు చుట్టుచుండును. లేదా నాట్లకు పోయియుండును. బిడ్డ తాత, నాయనమ్మల కడ పెరుగును. బిడ్డ యేడ్చినచో ఫోను చేతికిత్తురు, ఏడుపు మానును. అన్నము తిననిచో ఆడెడు బొమ్మలను చూపుచు ముద్దలు పెట్టుదురు. ఇందుకు ఎవరిని నిందింపగలము? మోకాళ్ళ నొప్పులతో పిల్లవాని వెంట పరుగిడజాలని వృద్ధులకు అది దొరికిన ఊతకర్ర. కాని ఆ కర్ర ఊత మనకే గాని పసివానికి గాదు.

అట్లని ఆ యంత్రమును శత్రువుగా నెంచుటయు పొరపాటే. పూర్వము గల్ఫుకు పోయినవారి మాట ఉత్తరములోనో, క్యాసెట్టులోనో ఇల్లు చేరెడిది. రెండేండ్లకు ఒకమారు ఇల్లు చేరిన తండ్రిని చూచి, ఎవరో కొత్తవాడనుకొని బిడ్డ నాయనమ్మ కొంగుచాటున దాగెడివాడు. నేడు అదే బిడ్డ తెరమీది తండ్రిని చూచి చేతులు చాచుచున్నాడు. అమెరికా దేశపు శిశువైద్యుల సంఘమువారు 2016లో నియమములు చేయుచు, ఏడాదిన్నర నిండని శిశువులకు తెర పనికిరాదనియు, ఆత్మీయులతో ముఖాముఖిగా మాటలాడుట మాత్రము అందుకు మినహాయింపనియు చెప్పిరి.

ఈ భేదమునకు కారణమేమి? బిడ్డ నవ్వినచో తండ్రి నవ్వును, బిడ్డ వేలు చూపినచో “అదేమిరా?” అని యడుగును. బొమ్మలపాట అట్లు గాదు. బిడ్డ నవ్వినను, ఏడ్చినను అది తన దారిన తాను సాగిపోవును. పసివానికి మాటలు వచ్చుట వినుటచేతనే గాదు, బదులు పలుకుటచేతను. కనుకనే రెండేండ్లలోపు శిశువు తెరవలన నేర్చుదానికంటె ఎదుటనున్న మనిషివలన ఎక్కువగా నేర్చును.

ఈ విషయమున మనకొక పూర్వోదాహరణము గలదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు, అమెరికావారి ఉపగ్రహము సాయమున, ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను చూపిరి. నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామములును అందులో నుండెను. ప్రొద్దుటిపూట పిల్లలకు తెలుగులో వచ్చు కార్యక్రమము ఇంచుమించు 22 నిమిషములు మాత్రమే. పెట్టె ఊరందరిది; పిల్లలు గుంపుగా గూర్చుండి చూచెడివారు. అనగా యంత్రముతోబాటు కాలనియమమును, తోడును గూడ వచ్చినవి. ఇంటిలోని ఫోనుకు ఈ రెండును లేవు. వానిని మనమే కల్పింపవలెను.

2020లో మహమ్మారి వలన బడులు మూతపడినప్పుడు, సెప్టెంబరు 1 నుండి మూడవ తరగతి మొదలు పదవ తరగతి వరకు పాఠములు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారములలో వచ్చినవి. ఫోనులలోను పిల్లలు వానిని చూచిరి. అన్నగారి పాఠముకొరకు వచ్చిన ఫోను, పాఠము ముగిసిన పిదప తమ్ముని ఆటవస్తువైనది.

మంజీరపై నిజాంసాగరము 1931లో పూర్తియైన సంగతి మీకు తెలియును. నీరు మంచిదే; కాని తూము ఎత్తువాడును, దించువాడును లేనిచో అదే నీరు పైరును ముంచును. ఇంటిలో ఆ నీరటికాని పని తాతది, నాయనమ్మది.

ఆ పనికి కొలత ఏది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇట్లు చెప్పినది: ఏడాది నిండని శిశువునకు తెర వలదు; రెండవ యేటను తగదు; రెండు మొదలు నాలుగేండ్ల వయసువారికి దినమునకు గంటకు మించరాదు, ఇంకను తగ్గిన మేలు. ఆ గంటయైనను బిడ్డ ఒంటరిగా గాక మీ ప్రక్కన గూర్చుండి చూడవలెను. చూచిన పిదప “ఏమి చూచితివి? ఆ కుక్క ఎందుకు పరుగెత్తెను?” అని యడుగుడు. అప్పుడు బొమ్మయు మాటకు పనికివచ్చును.

భోజనవేళ ఫోను వలదు. తెరపై చూపు నిలిపిన బిడ్డ తన కడుపు నిండినదో లేదో యెరుగడు. నిద్రకు గంట ముందు దానిని కట్టిపెట్టుడు. ఛార్జింగునకు పెట్టిన ఫోనును బిడ్డకు అందనీయకుడు. డబ్బు పంపు సదుపాయమునకు తాళము వేయుడు. ఆటబొమ్మలలో, రిమోటులలో గుండీవంటి చిన్న బ్యాటరీలుండును. వానిని మ్రింగినచో కొన్ని గంటలలోనే అన్నవాహిక కాలిపోవును. మ్రింగెనను అనుమానము కలిగిన వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

నేర్పదగినవియు గలవు. నాలుగైదేండ్ల బిడ్డ చేత వరికంకిని, చెరువుగట్టుమీది కొంగను ఫొటో తీయించుడు. మీరు చెప్పు కథను వానిచేతనే రికార్డు చేయించి, గల్ఫులోని తండ్రికి పంపించుడు. తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు స్పష్టముగ చెప్ప నేర్పి, ఆపదలో 112 అను సంఖ్యకు పిలువవలెనని తెలుపుడు. పిల్లల కష్టములు వినుటకు 1098 అను సంఖ్యయు గలదు.

చివరి మాట మనకు సంబంధించినది. పసివాడు మన మాట వినుటకంటె మన చేతలను ఎక్కువగా చూచును. మనమే రాత్రి పదిగంటల వరకు ఫోనులో మునిగి, వానిని వలదనిన వినునా? పొద్దుగూకిన పిదప ఒక గంటసేపు ఇంటిల్లిపాదియు ఫోనులను గూటిలో పెట్టి, వానిని చెంత గూర్చుండబెట్టుకొని కథ చెప్పుడు. దూరదేశముననున్న తండ్రి ముఖమును చూపుటకు ఫోను కావలెను. దగ్గరనున్న మన ముఖమును చూచుటకు దానితో పని లేదు.