ధూళి యని త్రోసివేసిన వార్త

కొలిమిగుండ్ల వారికి బెలుం గుహలను గూర్చి వేఱుగా జెప్పవలసిన పని లేదు. 1884లో భూగర్భశాస్త్రజ్ఞుడగు రాబర్ట్ బ్రూస్ ఫుట్ వానిని గ్రంథస్థము చేసినను, సుమారు నూఱేండ్లు అవి మఱుగున పడి, చెత్త పోయు తావులుగా మిగిలి, 1982, 83లలో జర్మను అన్వేషకులు లోనికి దిగి కొలిచిన పిమ్మటనే ఖ్యాతి గాంచినవి. మన దేహకణములు వెలువరించు సూక్ష్మకోశికల చరిత్రయు నిట్టిదే.

1967లో పీటర్ వుల్ఫ్ వీనిని రక్తమున గాంచి ‘ప్లేట్‌లెట్ ధూళి’ యనెను. 1983లో మాంట్రియల్ నగరమున రోజ్ జాన్‌స్టన్ గొఱ్ఱె నెత్తుటిని పరీక్షించుచు, లేత ఎఱ్ఱకణము ముదురు వేళ, ఇనుమును గ్రహించుటకై తనకున్న గ్రాహకములను చిన్నచిన్న సంచులలో నిడి వెలుపలికి విడుచుట గమనించెను. మీటరులో నూఱుకోట్లవ వంతు నానోమీటరు. ఇట్టి సంచుల వ్యాసము ఇంచుమించు 30 మొదలు 150 నానోమీటర్లు. అవి కేవలము వ్యర్థములని చిరకాలము తలంచిరి.

2006లో లారెన్స్ రాజేంద్రన్ ప్రభృతులు, ఆల్జీమర్స్ అను మతిమఱపు వ్యాధి గలవారి మెదడున పేరుకొను అమిలాయిడ్ బీటా అను పదార్థము ఈ కోశికలతో గూడ వెలికి వచ్చునని చూపిరి. మఱుసటి యేడు స్వీడన్‌లో వాలాది, లోట్‌వాల్ మొదలగువారు, వీనిలోని ఆర్.ఎన్.ఏ. వేఱొక కణమును జేరి అచ్చట ప్రోటీనులను పుట్టింపగలదని నిరూపించిరి. వ్యర్థమనుకొన్నది వార్తాహరమని తేలెను.

ఈ వార్త మనకేల? మెదడున వ్యాధి పుట్టిన పెక్కేండ్లకు గాని మతిమఱపు బయటపడదు. హైదరాబాదు నిమ్స్ వైద్యశాలలో సువర్ణ అల్లాడి బృందము 648 మంది డిమెన్షియా (మతిమఱపు వ్యాధి) రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనమున, ఒకటికి మించిన భాషలు మాటాడువారికి లక్షణములు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా కానవచ్చినవి. లక్షణములు ఇట్లు ముందువెనుకలగునపుడు, మెదడునుండి రక్తమున జేరు కోశికలను పట్టి వ్యాధిని ముందే కనుగొనవలెనని శాస్త్రజ్ఞులు యత్నించుట సహజమే.

చికిత్సకును మార్గము తోచినది. 2011లో ఆక్స్‌ఫర్డ్‌నందు మాథ్యూ వుడ్ బృందము, సామాన్యౌషధములను మెదడులోనికి రానీయని రక్తనాళముల అడ్డుగోడను ఈ కోశికలలో నిడిన మందుచే దాటించి, ఎలుకల మెదడులో అమిలాయిడ్ పుట్టుకకు తోడ్పడు బేస్-1 అను ఎంజైమును తగ్గించెను. అయినను తొందరపడరాదు; రక్తపరీక్షలో నాడీకణపు కోశికలకు ఆనవాలని నమ్మిన ఎల్1క్యామ్ అను ప్రోటీను రక్తమున విడిగానే తిరుగుచున్నదని 2021లో వెల్లడియైనది. పరిశోధన ఇంకను వైద్యశాలకు నిత్యసాధనము కాలేదు.

కావున మీ యింటి పెద్దలు అడిగినదే మఱల అడుగుచున్నను, తెలిసిన త్రోవయే తప్పుచున్నను, వయసు మీదపడినదని త్రోసిపుచ్చక, నంద్యాలకో కర్నూలుకో తోడ్కొనిపోయి వైద్యునకు జూపుడు. థైరాయిడ్ లోపమో, బి12 విటమిను కొఱతయో కారణమైనచో, దానికి మందు నేడే యున్నది.