పంజరంలో దర్శనమా?

(శరన్నవరాత్రుల సందర్భంగా దేవస్థాన ప్రాంగణంలో చేసిన ప్రసంగపాఠం)



మరి నాలుగు దినాలలో విజయదశమి. జమ్మిచెట్టుకు పూజచేసి, జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి, పాలపిట్టను చూసి ఇల్లు చేరడం మన ఓరుగల్లు సీమ ఆచారం. ఉత్తరాదివారు ఈ పక్షిని నీలకంఠమంటారు. 2014లో ఇది తెలంగాణ రాష్ట్ర పక్షి అయినది. దీనికి చాషము, కికీదివి అను పేర్లున్నవని నేను బాల్యంలోనే అమరకోశంలో వల్లెవేశాను. కాని పేరు తెలిసినంత మాత్రాన పక్షి తెలిసినట్లు కాదు.

కొన్నేండ్ల క్రిందట మోకాళ్లనొప్పివల్ల చేలవైపు నడువలేక, జమ్మిచెట్టు చెంత పంజరంతో నిలిచినవానికి 20 రూపాయలిచ్చి దర్శనమైనదనుకున్నాను. "తాతా, ఇది రెక్కలు విప్పదేం?" అన్నది వెంటనున్న మనుమరాలు. వంగి చూశాను. ఈకలకు జిగురు, కాలికి దారం. చదివిన శాస్త్రమేదీ ఆ పసిదానికి బదులు చెప్పలేకపోయింది.

పాలపిట్ట మిడుతలను, పురుగులను పట్టి బ్రతికే పక్షి. పంజరంలో గింజలు వేస్తే దానికి ఆకలి తీరదు. కత్తిరించిన ఈక తిరిగి పెరగదు. అది రాలి కొత్తది మొలవడానికి నెలలు పడుతుంది. పూజానంతరం గాలిలోకి విసిరితే కాకులకో పిల్లులకో ఆహారమవుతుంది. రక్షించినవారు జిగురు కడిగి, మేతపెట్టి, ఎగిరే శక్తి వచ్చిన పిమ్మటనే విడువవలసి ఉంటుంది. ఇక ఎగరలేనిది సంరక్షణలోనే ఉండి, తనను చూడవచ్చిన పిల్లలకు మన తప్పును బోధిస్తుంది.

కొందరు దయతో కొని విడుస్తారు. ఆ సొమ్ముతో వేటగాడు మరొకదానిని పట్టుతాడు. పక్షిని పట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పంజరం కనబడితే రూకలివ్వకండి, అటవీశాఖవారికి తెలపండి.

దేవుని దర్శనానికి మనం వెళతాం. దేవుని కట్టి తెప్పించుకోము. పాలపిట్ట విషయంలోనూ అదే మర్యాద. పొలిమేర దాటి, చేలగట్లమీద, కరెంటు తీగలమీద చూడండి. అది లేచి రెక్కలు విప్పినప్పుడు కనబడే నీలిమయే దర్శనం. కనబడకుంటే వచ్చే ఏటికి ఆశ మిగులుతుంది.

ఈ దశమికి నేను కర్ర ఊతగా, మనుమరాలి చేయి పట్టుకొని చేలవైపే వెళుతున్నాను. మీరూ రండి.

స్వస్తి.